మెట్ల మీద పెరిగిన విలన్

ఆ విలన్‌ను నేను చూసింది నాలుగు భాగాల్లోనే. ఆ తర్వాత వాడు ఎదిగిన ఎదుగుదలంతా నా చలవే. ఇప్పుడంటే ధైర్యంగా రాస్తున్నానుగానీ, అప్పట్లో బొమ్మనహళ్ళిలోని మా గార్మెంట్స్ మూడో అంతస్తులో ఈ సంగతి బయటపడి ఉంటే, నా నోటికి గుండీలు కుట్టి ఇంటికి పంపేవాళ్ళు.

నేనక్కడ మిషన్ మెకానిక్‌ని. ఎనిమిదో తరగతిలో చదువుకు నమస్కారం పెట్టాను. చదువు కూడా "ఉండు నాయనా" అని ఒక్క మాట అనలేదు. కుట్టుమిషన్లు మాత్రం నన్ను బాగానే గౌరవించాయి. చేతిలో స్క్రూడ్రైవరూ నూనెడబ్బా ఉంటే చాలు, ఏ లైన్‌లోకైనా పోవచ్చు, ఎవరి పక్కనైనా గొంతుక్కూర్చోవచ్చు. టైలరు తలెత్తితే సూపర్‌వైజర్ అరుస్తాడు. నేను తలెత్తితే, మిషన్ చప్పుడులో తేడా ఏదో పట్టుకున్నాననుకుని చప్పుడు చేయకుండా పోతాడు. పట్టుకునేది నిజమే, కాకపోతే అది మిషన్ చప్పుడు కాదు, కబుర్ల చప్పుడు.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే టెర్రస్‌కు పోయే మెట్ల మీద మా సభ. ఆరుగురు ఆడవాళ్ళు, నేను. అందరూ హిందూపురం, మడకశిర, ముళబాగిలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళే. సంగటిముద్దలు బయటికొస్తాయి, ఊరగాయ చేతులు మారుతుంది, దాని వెనకాలే అత్తగార్లు వస్తారు. రోజూ అత్తగార్లేనా అని విసుగు పుట్టి, ఒకరోజు నేను ఫోన్‌లో చూసిన సీరియల్ కథ ఎత్తుకున్నాను.

అదేదో కామిక్ పుస్తకంలోంచి తీసిన క్రైమ్ సీరియల్. పరదేశపు ఊరు, పొద్దస్తమానం వాన. పోలీసులు ఆ వానలో నిలబడి తడుస్తూ ఆలోచిస్తుంటారు. ఆ ఊరిని ఏలే ముఠానాయకుడి దగ్గర తాళాల గుత్తి మోసే మనిషొకడు ఉంటాడు. పొట్టివాడు, ఆకుపచ్చ కోటు, ఎప్పుడూ జలుబు. పెద్దమనుషులొస్తే తలుపు తీయాలి, పోతే వేయాలి. అంతకుమించి వాడికి డైలాగు కూడా లేదు. అయితే నాలుగో భాగం చివర వాడు ఖాళీ గదిలోకి పోయి, నాయకుడి కుర్చీలో ఒక్క క్షణం కూర్చుని, తన జేబురుమాలుతో దాన్ని తుడిచి, లేచి వచ్చేస్తాడు. అది చెప్పగానే మెట్ల మీద ఆరు ముద్దలూ ఆగిపోయాయి.

"అబ్బ! వీడు శానా ఎత్తుకు పోతాడు సూడు," అంది గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద పనిచేసే ఆమె. మా సభలో నోరంటే ఆమెదే.

"రేపు చెప్తా," అన్నాను.

ఆ రేపు రాలేదు. సీరియల్ చూసేది మా బావమరిది అకౌంట్‌లో. వాడు అదే వారం యలహంకకు కాపురం మార్చాడు, పోతూ పోతూ పాస్‌వర్డ్ కూడా మార్చాడు. అడిగితే, "బావా, అక్కను అడుగు," అన్నాడు. మా ఆవిడను అడిగితే, "ఆ ఫోను పక్కన పెట్టి కుళాయి బాగుచెయ్," అంది. మరునాడు మధ్యాహ్నం ఆరు జతల కళ్ళు నా మీద. ఏం చేయను? తాళాలోణ్ణి నేనే ముందుకు నడిపించాను.

పరదేశపు ముఠాల గురించి నాకేం తెలుసు? తెలిసినవాళ్ళనే తెచ్చి కోట్లు తొడిగాను. నాయకుడికి మా పాత సూపర్‌వైజర్ మీసం పెట్టాను. పోలీసు కమిషనరుకు మా చిన్నాయన గురక ఇచ్చాను. తాళాలోడి తెలివి కోసం మాత్రం దూరం పోనక్కర్లేకపోయింది, మా ఇంటి ఓనరమ్మ ఉంది. ఆమె నన్ను ఇంతవరకు ఒక్క పనీ అడగలేదు. పొద్దున్నే వీధి మధ్యలో నిలబడి, "ట్యాంకు కడిగినందుకు శానా థాంక్సప్పా! ఈ కాలంలో నీలాంటోడు యాడ దొరుకుతాడు?" అని అరుస్తుంది. నేను కడిగి ఉండను. అటు ఇస్త్రీ బండాయన, ఇటు పాలాయన, ఎదురింటివాళ్ళు అందరూ నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. కాదని చెప్పే మొహం నాకు లేదు. సాయంత్రం చీపురు పట్టుకుని ట్యాంకులోకి దిగేవాణ్ణి.

ఆ విద్యంతా తాళాలోడికి ధారపోశాను. వాడు ఎవరినీ బెదిరించడు, కత్తి పట్టడు. నలుగురూ ఉన్నచోట పెద్దవాళ్ళకు ముందుగా కృతజ్ఞతలు చెబుతాడు. "దొరా, రేవు తాళాలు నాకు ఇస్తానన్నారు, మీ రుణం ఎట్లా తీర్చుకోను?" అని నిండు విందులో ముక్కు చీదుకుంటూ ఏడుస్తాడు. దొరకేమీ గుర్తుండదు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. మర్నాడు రేవు తాళాలు వాడి నడుముకు వేలాడతాయి. ఇట్లా రెండు నెలల్లో వాడు రేవు పట్టాడు, సారాకొట్లు పట్టాడు, జైలు పెద్ద తలుపు తాళం కూడా పట్టాడు. ఆడవాళ్ళు మురిసిపోయారు. ఒకామె వాడి జలుబుకు మిరియాల కషాయం కూడా చెప్పింది.

మురవనిది ఒక్క కాలరక్కే. చొక్కాకు కాలరు కుట్టే మిషన్ మీద పదకొండేళ్ళుగా ఆమే, అందుకే ఆ పేరు. యాభై దాటాయి. మెట్ల మీద కూడా గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని వింటుంది. నిద్రపోయిందనుకుంటే సరిగ్గా నేను తప్పించుకుపోయే చోట పట్టుకుంటుంది.

"ఏమప్పా, మొన్న ఆ రేవు గోడౌనుకు రెండు తలుపులుండాయన్నావు. ఈపొద్దు ఒకటే అంటావే?"

"ఒకటి మూసేసినారక్కా."

"ఎవరు మూసినారు?"

"తాళాలోడే."

"సరే, మూసుకోనీ. నువ్వు మాత్రం నోరు తెరిచేముందు లెక్క చూసుకో."

దసరాకు ముందు మా ఫ్లోర్‌కు కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. గుంటూరు వైపు కుర్రాడు, పెద్ద చదువు. చేతిలో పలకలాంటి ట్యాబ్. అందరినీ "అండీ" అంటాడు కాబట్టి మొదటి రెండు రోజులు దేవుడనుకున్నాం. మూడో రోజు కాలరక్క పక్కన నిలబడి ఆమె చేతుల్నీ, తన గడియారాన్నీ మార్చి మార్చి చూశాడు.

"అక్కా, మీ స్పీడు కొంచెం డౌన్‌లో ఉందండీ. పూజ అయిపోయాక మిమ్మల్ని ట్రిమ్మింగ్ టేబుల్‌కి షిఫ్ట్ చేస్తున్నా. ఈజీ వర్క్. దారాలు కట్ చేయడమే."

ఈజీ అన్నాడు. ట్రిమ్మింగ్ టేబుల్ దగ్గర కుర్చీలూ ఉండవు, స్టూళ్ళూ ఉండవు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నిలబడే దారాలు కత్తిరించాలి. కాలరక్క మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు చేసే చప్పుడు నాకు తెలుసు. నూనె వేసి బాగుచేయగలిగిన చప్పుడు కాదది.

ఆ మధ్యాహ్నం ఆమె డబ్బా తెరవలేదు. "పదకొండేండ్లు కూసోని కుట్టినా. ఇప్పుడు నిలబెడితే నెల కూడా తట్టుకోలేనమ్మా. వాడు పొమ్మనడు. మోకాళ్ళే పొమ్మంటాయి," అంది మామూలుగా, చారులో ఉప్పు తగ్గిందన్నట్టు.

అప్పుడు ఓవర్‌లాక్ ఆమె నా వైపు తిరిగింది. "తాళాలోడైతే ఏం చేసుండును?"

నేను నవ్వాను. "ఏముంది? పెద్ద సారు ముందర నిలబడి థాంక్స్ చెప్పుండును."

నా జన్మలో నేను వేసిన జోకులకు నవ్వనివాళ్ళు చాలామంది ఉన్నారు. జోకు విని ఐదుగురు ఒకేసారి ముందుకు వంగి గుసగుసలాడటం మాత్రం అదే మొదలు. "ఏయ్, నేను ఊరికే అన్నాను," అన్నాను. "సుమ్మనుండప్పా," అని నా నోరు మూయించారు. వాళ్ళు నమ్మింది నన్ను కాదు, తాళాలోణ్ణి. రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఓడిపోని మనిషిని ఎవరు నమ్మరు? వాణ్ణి ఓడనివ్వనిది నేనేనని చెబుదామని నోరు తెరిచి, కాలరక్క మొహం చూసి మూసుకున్నాను. పథకం పారకపోతే ఆమెకు ఆ టేబుల్ ఎలాగూ తప్పదు. పైగా ఆమెను పెద్ద సారు ముందు నవ్వులపాలు చేసిన పాపం నాది అవుతుంది. రెండు రాత్రులు నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

ఆయుధపూజ రోజు బెంగళూరులో మిషన్లు పనిచేయవు, మనుషులు వాటికి పనిచేస్తారు. పొద్దున్నే తుడిచి, విభూతి పెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, చామంతి దండలేశాం. ఎవరి మిషన్‌కు వాళ్ళే పూజ చేసుకుంటారు. ఇంకొకరి మిషన్‌ను ముట్టుకుంటే కాపురంలో వేలు పెట్టినట్టే. ఆ ఏడు మాత్రం మా లైన్ అంతా కలిసి కాలరక్క మిషన్‌ను పెళ్ళికూతుర్ని చేసింది. అరటిపిలకలు దానికే, పెద్ద దండ దానికే. కత్తెరకు కూడా బొట్టు.

మా పెద్ద సారు, అంటే జీఎం, పట్టుపంచెలో వచ్చాడు. ఆయన కన్నడాయన, తెలుగు బాగా అర్థమవుతుంది. వెనకాలే ఇన్‌చార్జి, కొత్త కుర్తా మీద ఇస్త్రీ మడతలతో. మంగళహారతి అయ్యాక ఓవర్‌లాక్ ఆమె బూడిద గుమ్మడికాయ తెచ్చి ఇన్‌చార్జి చేతుల్లో పెట్టింది.

"మీరే కొట్టల్ల సార్. ఈ లైన్‌కు పెద్ద దిక్కు మీరే గదా."

ఆ కుర్రాడికి ఇంత మర్యాద ఎక్కడా జరిగి ఉండదు. ఎర్రబడిపోయి, ఎత్తి నేలకేసి కొట్టాడు. గుమ్మడికాయ నాలుగు చెక్కలైంది, కుంకుమనీళ్ళు కుర్తా అంచుకు చిందాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోపే ఆమె జీఎం వైపు తిరిగి చేతులు జోడించింది.

"సార్, మా ఇన్‌చార్జి సారు సల్లగుండల్ల సార్. అక్క మోకాళ్ళ నొప్పి సూసి, 'నువ్వు యాడికీ పోవద్దమ్మా, ఇదే మిషన్ మీద కూసోని కుట్టుకో' అన్నారు సార్. ఇంకొగరైతే నిలబెట్టేసి ఉందురు. ఇట్లాంటి సారును మాకిచ్చినందుకు మీకూ శానా థాంక్స్ సార్."

లైన్ లైనంతా మళ్ళీ చప్పట్లు. నేను నూనెడబ్బాను గుండెకు అదుముకుని నిలబడ్డాను. ఇన్‌చార్జి నోరు తెరిచాడు. అచ్చం మా ఓనరమ్మ ముందు నేను తెరిచే నోరే. జీఎం ఆ కుర్రాడి భుజం తట్టి, "ఒళ్ళేదు, ఒళ్ళేదు," అని మెచ్చుకుని, బొరుగుల పొట్లం అందుకుని పక్క లైన్‌కు పోయాడు. కాలరక్క మాత్రం ఎవరి వైపూ చూడలేదు. స్టూలు మీద కూర్చుని, పాదానికి అంటిన కుంకుమను తుడుస్తోంది. ఆమె పాదం కాదు, గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం.

సెలవయ్యాక ఇన్‌చార్జి నన్ను తన క్యాబిన్‌లోకి పిలిచాడు.

"మెకానిక్ గారూ, మెట్ల మీద మీరు చెప్పే కథ... ఆకుపచ్చ కోటు, జలుబు. అది ఆ సీరియలే కదండీ?"

"మీకెట్లా తెలుసు సార్?"

"నేను ఫోన్ మాట్లాడ్డానికి టెర్రస్ మీదకే కదా వెళ్తాను. తలుపు వెనకాల అన్నీ వినిపిస్తాయి. నాకు ఒకటే డౌటు. వాణ్ణి ఐదో ఎపిసోడ్‌లో వంతెన మీద నుంచి తోసేస్తారండీ. చచ్చిపోతాడు. నేను మొత్తం చూశాను. మీ దగ్గర ఇంకా ఎలా బతికున్నాడు?"

నేను సంతాపంగా ఒక్క క్షణం తలవంచుకున్నాను. రెండు నెలలుగా శవాన్ని మోస్తున్నానన్నమాట.

"మా దగ్గర ఈత నేర్చుకున్నాడు సార్."

ఆయన నవ్వలేదు. "ఆ థాంక్స్ ట్రిక్ కూడా వాడిదేనా?"

"ఏ ట్రిక్ సార్?" అని నేను క్యాబిన్ నేల మీద నూనె మరకల కోసం వెతికాను.

"సరే వెళ్ళండి," అన్నాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, కొంచెం తగ్గిన గొంతుతో, "జైలు తాళం దొరికాక ఏం చేశాడండీ?" అని అడిగాడు.

ఇదంతా మెట్ల మీద చెప్పకుండా ఉండగలనా? వాడు ఐదో భాగంలోనే చచ్చాడన్న ముక్కొక్కటి దాచి మిగతాదంతా చెప్పాను. తలుపు వెనక నుంచి ఇన్‌చార్జి వింటున్నాడనగానే అందరూ నవ్వారు. కాలరక్క కళ్ళు తెరిచింది.

"వాణ్ణి సంపెయ్."

"ఎవర్నక్కా?"

"తాళాలోణ్ణి. రేపు బెల్లు కొట్టేలోపల సచ్చిపోవల్ల."

"అయ్యో, యాలక్కా! వాడి పుణ్యాన్నే గదా నీ సీటు మిగిలింది!" అంది ఓవర్‌లాక్ ఆమె.

"అందుకే అంటా ఉండా. వాడు నాకు పనికొచ్చినాడు, సరే. రేపు ఆ ఇన్‌చార్జికి కూడా పనికొస్తాడు. మనం ముద్ద తింటా ఇంటాము. ఆయప్ప రాసుకుంటా ఇంటాడు. సదువుకున్నోడమ్మా, మనకన్నా బిరీన నేర్చుకుంటాడు."

మాట ఇచ్చాను. మరునాడు చంపడానికే మొదలుపెట్టాను. తుపాకి గుండు సూటిగా వాడి గుండెకే పోయింది. తీరా తగిలేసరికి కోటు లోపలి జేబులోని తాళాల గుత్తికి తగిలి టంగుమంది. ఐదుగురూ చప్పట్లు కొట్టారు. కాలరక్క నా వైపు చూసిన చూపుకు ముద్దను మళ్ళీ డబ్బాలోనే పెట్టేశాను. ఆ మర్నాడు విషం పెట్టించాను. జలుబు కదా, ఎట్లాగూ రుచి తెలియదని వాడు గ్లాసే ముట్టలేదు. ఏం చేయను, నేను పెంచిన ప్రాణం. చదువు చెప్పిన పంతుళ్ళు కూడా నా మీద అంత మమకారం చూపలేదు. వారం తిరిగేసరికి వాడు చావకపోగా ఆ ఊరికి మేయరయ్యాడు. ప్రమాణస్వీకారం చేస్తూ, తనకు ఓటు వేయనివాళ్ళకు ముందుగా కృతజ్ఞతలు చెప్పాడు. ఆ రోజు తలుపు వెనకాల ఎవరో దగ్గు ఆపుకున్నారు.

సోమవారం పొద్దున లైన్ మీటింగ్. టార్గెట్ చెప్పాక ఇన్‌చార్జి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే జీఎం రౌండుకు వచ్చాడు. ఆయన వచ్చేవేళకే మీటింగ్ పెట్టాడని నాకు తర్వాత తట్టింది.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు ఇన్‌చార్జి, గొంతు వణికేంత ఆప్యాయంగా. "కాలర్ అక్కకి మనందరి తరఫున థాంక్స్ చెప్పాలి. ముగ్గురు కొత్త అమ్మాయిలకి తన పనంతా నేర్పిస్తానని ముందుకొచ్చారు. ఇన్నేళ్ళ అనుభవం సార్. ఏమీ దాచుకోకుండా నేర్పిస్తానన్నారు. చప్పట్లు!"

ఒక్కటంటే ఒక్క చప్పట కూడా పడలేదు. అందరికీ అర్థమైంది. ముగ్గురికి కాలరు పని వస్తే, ఆ స్టూలు మీద ఈమే ఉండాలన్న అవసరం ఉండదు. ఈసారి ట్రిమ్మింగ్ టేబుల్‌కు పంపితే పెద్ద సారుతో సహా ఎవరూ అడగరు. కాలరక్క నా వైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత మెల్లగా, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడింది. జీఎంకు నమస్కారం పెట్టింది.

"నాదేముంది సార్, అంతా మా సారు గొప్పతనమే. 'పిల్లలకు నేర్పిచ్చాలంటే వంగి వంగి నడుము పోతాది గదమ్మా, నీకు ఆనుకునే కుర్చీ తెప్పిస్తా, ఎన్నేండ్లయినా దాంట్లోనే కూసోని నేర్పిస్తా ఉండు' అన్నారు. కన్నబిడ్డలు కూడా ఇట్లా అడగరు సార్. నాకు ఆపొద్దంతా ఏడుపే."

అని కొంగు కళ్ళకు అద్దుకుంది. కళ్ళు పొడిగా ఉన్నాయి, నేను పక్కనే ఉన్నాను కదా.

ఈసారి చప్పట్లు గోడలు అదిరేలా పడ్డాయి. ఇన్‌చార్జి మొహం మీద నవ్వు అట్లాగే ఉండిపోయింది, దారం తెగిన మిషన్‌లా. జీఎం కుర్చీ మాటకు తల ఊపాడు. "కుర్చీ ఇవత్తే కొడి," అని అక్కడే చెప్పి పోయాడు. ఇవాళే ఇవ్వండి అని.

సాయంత్రానికి ఆఫీసు గదిలోంచి నీలం రంగు కుర్చీ వచ్చింది. కాళ్ళు రెండంగుళాలు ఎక్కువయ్యాయి, నేనే కోసి సరిచేశాను. మర్నాడు మధ్యాహ్నం మేయరుగారిని జలుబు ముదిరి న్యుమోనియాతో చంపేశాను. ఎంత అన్యాయమైన చావంటే, తలుపు అవతలి నుంచి "అరే!" అని స్పష్టంగా వినిపించింది. ఓవర్‌లాక్ ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

కొత్త అమ్మాయిలు ముగ్గురూ బుద్ధిమంతులు. కుర్చీ చుట్టూ నిలబడి కళ్ళార్పకుండా చూస్తారు. కాలరక్క కూడా మాట తప్పలేదు. గుడ్డ ఎట్లా పట్టాలి, కుట్టు ఎంత లోపలికి వేయాలి, మిషన్ ఎక్కడ నెమ్మదించాలి, అన్నీ ఓపికగా చెబుతుంది. "అర్థమయిందా తల్లీ?" అని అడుగుతుంది. అయిందంటారు. కుట్టి చూపిస్తే మాత్రం ముగ్గురి కాలర్ల మొనలూ మొండిగా, ముక్కు తెగినట్టు వస్తాయి. మళ్ళీ మొదటి నుంచి చెబుతుంది. ఇన్‌చార్జి వచ్చి ట్యాబ్‌లో చూసుకుంటాడు, తల గోక్కుంటాడు. "ఇంకొన్ని రోజులు పడుతుందండీ?" అంటాడు. "పట్టల్ల గదా సార్, పిల్లలు," అంటుంది.

ఒకరోజు బెల్టు జారిందని ఆమె మిషన్ కింద పడుకుని బల్ల సందులోంచి పైకి చూస్తున్నాను. కాలరు మొన దగ్గర సూది ఆగింది. గుడ్డ తిరగాల్సిన చోటు అదే. సరిగ్గా అప్పుడు ఆమె ఎడమ అరచెయ్యి, దారం సర్దుతున్నట్టుగా, పిల్లలు నిలబడ్డ వైపుకు అడ్డంగా వాలింది. ఆ చెయ్యి చాటున రెండు వేళ్ళు ఏదో చేశాయి. చెయ్యి తీసేసరికి మొన సూదిలా నిలబడి ఉంది.

కింది నుంచి చూసేవాడికి మాత్రం ఆ చెయ్యి అడ్డం రాలేదు. ఆమె కూడా వంగి నన్ను చూసింది.

"ఏం సూస్తావప్పా," అంది నింపాదిగా, "నీ బెల్టు నువ్వు సూసుకో."